పీచుచాప మీద నడిచిన పెద్దాయన

పంతొమ్మిదివందల యాభైలలో మా కర్నూలు కాలేజీ మైదానంలో గడ్డి నిలిచేది కాదు. క్రికెట్‌కు నేలమీద కొబ్బరిపీచు చాప పరిచేవాళ్ళం. దాన్ని చూసుకునే పెద్దాయన ప్రతి ఆటకు ముందు చెప్పులు విడిచి చాపంతా నడిచేవాడు. అడుగడుగునా బంతిని జారవిడిచి, ఎలా లేస్తుందో చూసేవాడు.

ఆ రోజు ఒకచోట బంతి పక్కకు ఎగిరింది.

“ఈడ పీచు లేచిపోయిందప్పా. ఈ చాప ఇంక పనికిరాదు, ఆట ఆపు.”

కెప్టెన్‌ని నేనే. కడప జట్టు అప్పటికే బస్సు దిగింది.

“ప్రార్థన చేసుకొని వచ్చినాను, ఏమీ కాదులే,” అన్నాను.

“నేనూ చేస్తా. చాపకు ఇనపడాల గదా,” అని నవ్వాడు.

మధ్యాహ్నం అక్కడే పడిన బంతి లేచి కడప ఆటగాడి కంటికి తగిలింది. ఆ కన్ను పోయింది.

ప్రిన్సిపాల్ అడిగితే పెద్దాయన, “నేనే సరిగ్గా చూడలేదు సార్,” అన్నాడు. పక్కనే ఉన్న నేను నోరు తెరవలేదు. ఆయన్ని పనిలోంచి తీసేశారు.

“ఎందుకట్లా చెప్పినావు?” అని గేటు దగ్గర అడిగాను.

“నువ్వు శానా చదవాల్సినోడివి గదప్పా,” అని వెళ్ళిపోయాడు.

మా చర్చి సంఘంలో ఎందరి పాపాల ఒప్పుకోలుకో ఆమేన్ చెప్పాను. నాది మాత్రం ఇప్పుడే రాస్తున్నాను.