వెనక డబ్బాలో ఒకటి

మా స్టోర్‌కీపర్ కాకా పోయాడని మొన్న జగిత్యాల నుంచి ఆయన అల్లుడు ఫోన్ చేశాడు. నిద్రలోనే గుండె ఆగిందట. "కంపెనీ నుంచి ఎవరన్న ఫోన్ జేసిన్రా అని రోజూ అడిగెటోడు అన్నా" అన్నాడు. నేను ఒక్కసారి కూడా చేయలేదు.

గల్ఫ్‌లో, మత్రా రేవులో మేం పనిచేసింది చేపల పడవల ఇంజన్ విడిభాగాల దుకాణంలో. ఏ బేరింగు ఏ అరలో ఉందో కాకా చూడకుండానే తీసిచ్చేవాడు. ప్రతి రకంలోనూ ఒకటి మాత్రం వెనక బిస్కెట్ డబ్బాలో దాచేవాడు. సరుకు అయిపోయిన రోజు, పడవ ఆగిపోయి వచ్చినవాడికి అది. మధ్యాహ్నం తినేటప్పుడు మామిడికాయ తొక్కు ముందు నా పళ్ళెంలో వేసి, తర్వాతే తను కలుపుకునేవాడు.

నన్ను తీసుకున్నది దుకాణానికి కంప్యూటర్ సిస్టమ్ పెట్టడానికి. మూడు నెలలు కాకా చెబుతుంటే నేను ఎక్కించాను. అబద్ధమెందుకు, అది మేలే చేసింది. కదలని సరుకు తగ్గింది, అమ్మకాలు పెరిగాయి.

డబ్బాలోవి కూడా ఎక్కిద్దాం అన్నాను.

"ఎక్కిస్తె అమ్ముడువోతయి బిడ్డా. ఇంజన్ ఆగినోడు వచ్చి నీ కంప్యూటర్ ముంగట ఏడ్వాల్నా?"

సరేలెమ్మని వదిలేశాను. తొలి తనిఖీలో, కొన్న బిల్లులతో పోలిస్తే ప్రతి రకంలోనూ ఒకటి తక్కువ వచ్చింది. వెతికితే డబ్బా దొరికింది. బయట అమ్ముకోవడానికి దాచాడన్నాడు మా యజమాని అర్బాబ్. నీకు తెలుసా అని నన్ను అడిగాడు.

తెలియదన్నాను. సిస్టమ్‌లో తప్పుంటే నా ఉద్యోగం పోతుందని భయం. సిగ్గులేని భయం. నాకు తెలుసన్న సంగతి కాకా బయటపెట్టలేదు. వారంలో వీసా రద్దు చేసి, దొంగ అన్న పేరుతో పంపేశారు. వెళుతూ, "డబ్బ పారెయ్యకు బిడ్డా" అన్నాడు, అంతే.

ఆ తర్వాత పడవవాళ్ళు వచ్చేవారు, నేను తెర చూసి లేదనేవాణ్ణి. నెమ్మదిగా రావడం మానేశారు. అమ్మకాలు ఎందుకు తగ్గాయో ఏ రిపోర్టూ చెప్పలేదు.

నిన్న ఆ ఖాళీ డబ్బా కిందికి దించి, అరలోంచి ఒక బేరింగు తీసి అందులో వేశాను. రేపు తనిఖీ. ఒకటి తక్కువొస్తుంది. అర్బాబ్ అడిగితే ఈసారి అంతా చెబుతాను, కాకా సంగతి కూడా. మూత పెట్టి డబ్బా పైకెత్తితే, లోపల ఆ ఒక్కటీ అటూ ఇటూ దొర్లింది.