చప్పుడు రాని మెటికలు

పదో తరగతితో నా బడి ఆగిపోయింది. మిగతా చదువంతా మెదక్ గ్రంథాలయంలో, నిఘంటువుల బీరువా పక్కన కూర్చుని చదువుకున్నదే. ఈ మధ్య మనుషుల సైగలకూ చేతుల కదలికలకూ ఉన్న మాటలు ఏరుకుంటున్నాను. మూతి తిప్పడం, నొసలు చిట్లించడం, పెదవి విరవడం. ఎవరు చెయ్యి కదిపినా దానికో పేరు చెప్పందే ఊరుకోలేను.

మొన్న మా పాపను తొట్టెలలో వేసిన నాడూ ఊరుకోలేదు. మా అత్త ఉయ్యాల మీదికి వంగి, రెండు చేతులతో పాప బుగ్గలు నిమిరి, ఆ వేళ్లను తన కణతలకు నొక్కుకుంది. వేళ్లన్నీ పటపటమన్నాయి.

"గిట్ల దిష్టి తీసుడును నీ బుక్కులల్ల ఏమంటరు బావా?" అన్నాడు బామ్మర్ది.

అడగడమే ఆలస్యం, మెటికలు విరవడం అంటారని మొదలుపెట్టాను. అందరూ నావైపే చూస్తుంటే హుషారు పెరిగి, ఎక్కడా చదవని మాట ఒకటి కలిపాను.

"ఎంత ప్రేముంటే గంత చప్పుడు. చప్పుడు రాకుంటే పైపై ప్రేమే."

అత్త వెనకే మా పెద్దమ్మ తన వంతు కోసం నిలబడి ఉంది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. టేక్మాల్ నుంచి పొద్దున్నే బస్సులో వచ్చింది. పాపను నిమిరి, కణతలకు వేళ్లు నొక్కుకుంది. చప్పుడు రాలేదు. ఇంకోసారి నొక్కింది. కీళ్లవాతంతో వాచిన ఆ వేళ్లు అసలు వంగనే లేదు.

"అల్లుడు చెప్పిండు, ఇన్నవా వదినా?" అంది అత్త, నవ్వుతూనే.

"ముసలి ఏళ్లు, పలుకుతలేవు" అని పెద్దమ్మ చేతులు కొంగు కింద పెట్టుకుంది.

అది నేను కల్పించిందేనని ఒక్క మాట చెబితే సరిపోయేది. పదిమందిలో నా చదువు పలచనవుతుందని నోరు మెదపలేదు. తర్వాత పాపను ఒళ్లో పెట్టబోతే ఆమె వద్దంది.

సాయంత్రం బస్టాండుకు పోయే ఆటో ఎక్కిస్తూ చెప్పాను. "పెద్దమ్మా, పొద్దుగాల నేనన్న మాట ఏ బుక్కుల లేదు. ఉత్తగనే అన్న."

"ఉంటే ఉండనీ కొడుకా. సదువుకున్నోనివి, నీకు ఎర్కనే ఉంటది" అంది.

ఊరికి పోయే ముందు నన్ను కూడా నిమిరి కణతలకు వేళ్లు నొక్కుకోవడం ఆమె అలవాటు. అందుకే తల వంచి నిలబడ్డాను. చెయ్యి నా చెంప దాకా వచ్చింది. ఆటోలో ఉన్న ఆడవాళ్ల వంక ఒకసారి చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆటో కదిలేదాకా అలాగే వంగి ఉన్నాను.