బావ భయాలూ, పెళ్లిరోజు భోజనమూ

మా బావకి భయం. దేనికని అడగకండి. జాబితా మొత్తం అచ్చు వేయాలంటే మా పత్రిక ఆదివారం సంచిక కూడా చాలదు. లిఫ్టంటే భయం, మూసిన తలుపంటే భయం, సినిమా హాలంటే భయం, జనమంటే భయం, రైల్లో పై బెర్తంటే భయం. తాడును చూసి పామనుకునేవాళ్ళను చాలామందిని చూశాను. అది తాడేనని తేలాక, మరి మెడకి చుట్టుకుంటే ఏం గతి అని ఆలోచించే మనిషిని ఒక్కణ్ణే చూశాను. బంధువుల పిల్లలు ఆయనకి జాగ్రత్త మామయ్య అని పేరు పెట్టారు. పెద్దవాళ్ళు కూడా ఆ పేరే ఖాయం చేశారు.

ఆయన బీమా కంపెనీలో సర్వేయరు. ఎక్కడ ఏది కాలినా, కూలినా, మునిగినా వెళ్ళి చూసి నివేదిక రాయడం ఉద్యోగం. లోకంలో ఏ వస్తువు ఎలా పాడవుతుందో ఇరవై ఎనిమిదేళ్ళుగా చదువుతున్న మనిషి కాబట్టి, ఏది చూపించినా "దాని మీద ఫైలుంది" అంటాడు. ఓసారి మా అమ్మాయి పుట్టినరోజుకి బెలూన్లు కడుతున్నాను.

"జాగ్రత్తోయ్. దాని మీద ఫైలుంది."

"బెలూన్ మీద కూడానా బావా?"

"బెలూన్ మీద కాదు. అది పేలిన చప్పుడుకి ఉలిక్కిపడి మెట్ల మీంచి జారిన పెద్దాయన మీద."

ఆ సాయంత్రం బెలూన్లు లేకుండానే గడిచింది.

మా అక్క ఆయనకి పూర్తిగా భిన్నం. హైస్కూల్లో లెక్కల టీచరు. వరండాలో ఆమె చెప్పుల చప్పుడు వినిపిస్తే నాలుగు క్లాసులు ఒకేసారి సద్దుమణుగుతాయి. ఆమె దగ్గర చదువుకున్న ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు నడిరోడ్డు మీద ఆమెను చూసి జేబుల్లోంచి చేతులు తీసేయడం నేను కళ్ళారా చూశాను. అలాంటి మనిషికి ఇలాంటి భర్త దొరకడమేమిటని చుట్టాలందరూ జాలిపడేవారు. ఆమె కూడా కాదనేది కాదు.

"ఏం చెయ్యనురా, ఈయన్ని కట్టుకున్నాక ఒక్క సినిమా రెండో సగం చూసిన పాపాన పోలేదు," అనేది.

ఈ ఏడాది వాళ్ళ పెళ్లయి ఇరవై అయిదేళ్ళు. నెల ముందే అక్క నన్ను పిలిచింది.

"ఒరేయ్, స్టాఫ్ రూములో ప్రతి ఏడూ ఇదే గోల. టీచర్ గారూ, పెళ్లిరోజుకి ఎక్కడ భోంచేశారు అని. ఇంట్లోనే అని చెప్పి చెప్పి విసుగొచ్చింది. ఈసారి బయట తిని తీరాలి. సూపుతో మొదలుపెట్టి ఐస్‌క్రీమ్ దాకా. మధ్యలో లేవడానికి వీల్లేదు. మీ బావని ఒప్పించే పూచీ నీది."

"ఆయన ఒప్పుకుంటాడా?"

"భయపడతాడు. భయపడనీ." ఆ మాట అంటూ దిద్దుతున్న పేపరు మీద ఎర్ర పెన్సిల్ కాస్త గట్టిగా నొక్కింది. అది ఆయన మీద విసుగనుకున్నాను.

బావ ఒప్పుకున్నాడు. కాకపోతే హోటలు తనే ఎంచుతానన్నాడు. నన్ను వెంట తీసుకెళతానన్నాడు. ఎందుకంటే, ప్రతిచోటా మా అక్క కూర్చోబోయే కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుని చూడాలట.

మొదటిది పదకొండో అంతస్తులో ఉంది. ఊరంతా కనిపిస్తుందని పేరు. బావ లిఫ్టు తలుపు ముందు నిలబడి దాన్ని నడిపే ఆయన్ని అడిగాడు.

"ఇది ఎప్పుడైనా మధ్యలో ఆగిందా?"

"నేనొచ్చాక ఆగలేదు సార్."

"నువ్వు ఎప్పుడొచ్చావు?"

"మొన్న సోమవారం."

బావ వెనక్కి తిరిగి నడక మొదలుపెట్టాడు. మెట్లున్నాయి కదా అన్నాను. "మీ అక్క మోకాళ్ళ మాటేమిటి?" అన్నాడు.

రెండోది నేల అడుగున. కొవ్వొత్తులు, మెల్లని సంగీతం, నలభై మంది దాకా తింటున్నారు. బావ నన్ను లోపలి మూల కుర్చీలో కూర్చోబెట్టి, తను మెట్ల దగ్గర నిలబడి, "అక్కణ్ణుంచి బయట వెలుతురు కనిపిస్తోందా?" అని అరిచాడు. లేదన్నాను. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"కరెంటు పోతే దీపం ఎంతసేపట్లో వస్తుందండీ?" అన్నాడు బావ.

"మా దగ్గర కరెంటు పోదు సార్."

"పోతే?"

"పోదు సార్."

"పోయిందనుకోండి."

ఇలా పావుగంట సాగాక మేనేజరు వెళ్ళి మెయిన్ స్విచ్ ఆపేశాడు. కొవ్వొత్తులన్నీ ఉత్త బ్యాటరీ సరుకని అప్పుడే నాకు తెలిసింది. వాటిలో బ్యాటరీ మిగిలి నిజంగా వెలుగుతున్నవి మూడో నాలుగో. ఎవరి చేతిలోంచో ఫోర్కు జారింది. ఎవరో ఎవరితోనో "అది నా చెయ్యి కాదండీ" అన్నారు. చీకట్లోంచి బావ గొంతు ఒక్కటే నింపాదిగా వినిపించింది. "తొమ్మిది, పది, పదకొండు." పదకొండు దగ్గర దీపాలొచ్చాయి. "పదకొండు చాలా ఎక్కువ," అని బయటికి నడిచాడు. ఆ నలభై మంది చూపులు నా వీపున మోసుకుంటూ నేనూ నడిచాను.

మూడోచోట కుటుంబాలకు విడివిడిగా చిన్న గదులున్నాయి. చక్కటి చెక్క తలుపులు.

"ఈ తలుపు తీసేయొచ్చా?" అన్నాడు బావ.

"బార్లా తెరిచి పెడతాం సార్," అన్నాడు సర్వరు.

"తెరవడం కాదు బాబూ, తీసేయడం. మళ్ళీ మేమే బిగించి వెళతాం. స్క్రూడ్రైవర్ తెచ్చాను."

నిజంగానే తెచ్చాడు. సర్వరు నా వైపు జాలిగా చూసి, "మీ నాన్నగారా సార్?" అన్నాడు. "బావ," అన్నాను. జాలి ఇంకాస్త పెరిగింది.

ఇలా ఏడు హోటళ్ళు తిరిగాం. ఏడింట్లోనూ నేను కూర్చోవడం, తలుపుకి ఎన్ని అడుగులో లెక్క చెప్పడం, ఆయన తల అడ్డంగా ఊపడం. పెళ్లిరోజు నాలుగు రోజుల్లోకి వచ్చింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకుంటూ అక్కకి ఫోన్ చేసి, ఈ మనిషితో నావల్ల కాదని చెప్పేద్దామనుకున్నాను. ఆ పూటే గిడ్డంగి కాలింది.

రేవు దగ్గర పాత దూది గిడ్డంగి. వార్త రాయడానికి నేను వెళ్ళేసరికి మంటలు ఆరిపోయాయి కానీ పొగ ఆరలేదు. కప్పు సగం కూలి ఉంది. అగ్నిమాపక సిబ్బంది కూడా గోడకి పది గజాల ఇవతలే ఆగిపోయారు. పైన, నల్లగా కాలిన దూలం మీద, రెండంతస్తుల ఎత్తున ఒక మనిషి తాపీగా నడుస్తున్నాడు. ఒక చేతిలో నోట్‌బుక్, ఇంకో చేతిలో బిస్కెట్. మధ్యలో ఆగి, వంగి, దూలాన్ని బూటుతో తన్ని చూసి, బిస్కెట్ కొరికి ముందుకు సాగాడు.

"ఎవరండీ ఆ పిచ్చాయన?" అని పక్కనున్న సిబ్బందిలో ఒకర్ని అడిగాను.

"బీమా సర్వేయరు. ఆయనకి భయమంటే ఏంటో తెలీదండీ. మేమే ఎక్కని చోటికి ఎక్కుతాడు."

ఆ నడక గుర్తుపట్టాను. పడిపోతాడని ఒక భయం. అది మా బావ అని రెండో భయం. రెండోదే ఎక్కువగా ఉంది.

కిందికి దిగి నన్ను చూశాక ఆయన మొహం పాలిపోయింది. దూలం మీద పాలిపోని మొహం.

"ఏమిటిది బావా?"

"ఆఫీసు పని."

"ఇంట్లో బల్బు మార్చడానికి స్టూలు ఎక్కవు కదా నువ్వు."

"స్టూలు మీ అక్క పట్టుకుంటుంది. నేను పడిపోతానని దాని చేతులు వణుకుతాయి. అందుకని నాకే భయమని చెప్పేస్తా." బిస్కెట్ పొడి దులుపుకుని గోడ వారగా కూర్చున్నాడు. "పెళ్లయిన రెండో ఏడు అది ఒక్కతే లిఫ్టులో ఇరుక్కుపోయింది. చీకట్లో మూడు గంటలు. బయటికొచ్చాక జుట్టు సర్దుకుని 'ఏం కాలేదు' అంది. మర్నాడు బడికెళ్ళింది. నెల తర్వాత సినిమాకెళితే, తలుపులు మూసి దీపాలార్పగానే నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగిపోయాయి. బయటికి వెళదామంటే ఒప్పుకోదు. పరువు. నేనే లేచి నిలబడి, నాకు భయమేస్తోంది అని గట్టిగా అన్నా."

"హాల్లోనా?"

"హాలంతా నవ్వింది. ఇంటికెళ్ళేదాకా నన్ను తిట్టింది. తిడుతున్నంతసేపూ దాని చేతులు వణకలేదు. ఇదేదో బాగానే ఉందనిపించింది."

"మరి బెలూన్లు?"

"మూసిన తలుపులంటేనే భయమని ఊరుకుంటే ఎవరికైనా అనుమానం వస్తుంది కదా. కాస్త అటూ ఇటూ కలిపాను."

"అక్కకి తెలుసా ఇదంతా?"

"అడగలేదు. అడిగితే అది ఒప్పుకోవాలి. ఎందుకొచ్చిన గొడవ." నోట్‌బుక్ మూసి, "కానీ ఈసారి బయట తింటానని తనే అంది. పాతికేళ్ళలో మొదటిసారి. అది సగంలో లేచి రావాల్సి వస్తే, ఇంక మళ్ళీ అడగదోయ్," అన్నాడు.

ఆ మాటతో ఆయన భయం నాకు అంటుకుంది. ఎనిమిదో హోటలు నేనే వెతికాను.

బస్ డిపో వెనక వీధిలో, ఒకప్పటి సైకిళ్ళ షాపు. ఆరు బల్లలు. ముందు గోడే లేదు. పగలంతా షట్టర్ పైకెత్తి ఉంటుంది, వీధి మొత్తం లోపలికి కనిపిస్తుంది. ముందు కుర్చీకీ వీధికీ మధ్య మూడు అడుగులు. బావ ఆరు బల్లల దగ్గరా నన్ను కూర్చోబెట్టి, మొదటిసారి తల నిలువుగా ఊపాడు. వంట చేసే యజమానురాలితో బేరానికి దిగాడు.

"ఆ సాయంత్రం షట్టర్ దించకూడదమ్మా."

"వానొస్తేనో?"

"వానొస్తే తడుస్తాం."

"మీరు తడుస్తారు సరే, నా పొయ్యి కూడా తడవాలా? వానొస్తే దించుతాను. రాకూడదని కోరుకోండి."

పెళ్లిరోజు సాయంత్రం ఆరున్నరకే వెళ్ళాం. పెళ్లిరోజు భోజనంలో బావమరిదికేం పని అంటారా? అక్కకి లోపలి చీకటి కనిపించకుండా అడ్డంగా కూర్చోవడం. అక్క కొత్త బట్టలు కట్టుకుని, వీధి వైపు తిరిగి, సూపు తాగింది. కాల్చిన చేప మొదలుపెట్టింది. స్టాఫ్ రూము కబుర్లు చెప్పింది. మేమిద్దరం ఆమె చెప్పిందానికి నవ్వుతూ, ఆమె వేళ్ళ వంక చూస్తూ, మా చేపలు చల్లారబెట్టుకున్నాం.

చేప సగంలో ఉండగా గాలి లేచింది. తరవాత చినుకులు. తరవాత కుండపోత. ముందు బల్ల మీది కాగితాలు ఎగిరాయి. యజమానురాలు పొడుగాటి కొక్కెం పట్టుకుని వచ్చింది. బావ ఆమె వైపు చేతులు జోడించినంత పని చేశాడు. ఆమె పొయ్యి వైపు చూపించి షట్టర్ లాగేసింది.

వీధి మాయమైంది. దీపాలు ఒకసారి కొట్టుకుని సన్నబడ్డాయి. రేకు మీద వాన రాళ్ళు పోసినట్టుగా మోగుతోంది. అక్క చెంచా గాలిలోనే ఆగిపోయింది. రెండో చేతి వేళ్ళు బల్ల అంచును పట్టుకుని తెల్లబడ్డాయి.

బావ లేచి నిలబడ్డాడు.

"నాకు భయమేస్తోంది," అన్నాడు గట్టిగా. "వెళ్ళిపోదాం."

మిగతా బల్లల మీదవాళ్ళు తిరిగి చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. అక్క సగం లేచింది. షట్టర్ వంక చూసింది. దాని కిందనుంచి జానెడు వెడల్పున నీళ్ళు లోపలికి వస్తున్నాయి. అలా ఎంతసేపు నిలబడిందో చెప్పలేను.

"కూర్చోండి," అంది.

క్లాసులో గొంతు. బావ కూర్చున్నాడు. నవ్విన మనిషి కూడా నోరు మూసుకుని సర్దుక్కూర్చున్నాడు.

"ఐస్‌క్రీమ్ రాలేదింకా. వాన పడుతోంది, అంతే. నా చెయ్యి పట్టుకోండి. ఊఁ, పదిహేడో ఎక్కం చెప్పండి."

"ఇప్పుడా?"

"చెప్పండి."

"పదిహేడొకట్ల పదిహేడు. పదిహేడు రెళ్ళు ముప్పై నాలుగు. పదిహేడు మూళ్ళు యాభై ఒకటి." అక్క ఆయన చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుని, కళ్ళు ఆయన మొహం మీదే నిలిపింది. "పదిహేడు ఆర్లు నూట రెండు. పదిహేడు ఏళ్ళు నూట పదహారు."

"నూట పంతొమ్మిది. మళ్ళీ మొదట్నుంచి."

రెండోసారి ఎనిమిది దగ్గర తప్పాడు. మూడోసారి అక్క మొహానికి కాస్త రంగొచ్చింది. నాలుగోసారికి పక్క బల్ల మీది పాప తను కూడా అందుకుంది. "ఆ పిల్లకొచ్చు, మీకు రాదు," అని అక్క తిట్టడం మొదలుపెట్టాక నేను కుర్చీకి ఆనుకున్నాను. పంతొమ్మిదో ఎక్కం మధ్యలో ఐస్‌క్రీమ్ వచ్చింది. తిన్నాం. గిన్నెలు తీసేశాక కానీ వాన ఆగలేదు, షట్టర్ లేవలేదు.

బయట తడిసిన వీధిలో అక్క ముందు నడుస్తోంది. బావ నా భుజం పట్టుకున్నాడు. బరువంతా నా మీదే వేశాడు.

"అది కూర్చోమన్నప్పుడు నిజంగా భయపడ్డానోయ్," అన్నాడు. "దూలం మీద కూడా ఇంత లేదు."

మర్నాడు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. స్టాఫ్ రూములో అందరికీ చెప్పిందట, సూపు దగ్గర్నుంచి ఐస్‌క్రీమ్ దాకా.

"మీ బావని చూశావుగా. రోజంతా అంకెలతో గడిపే మనిషి, పదిహేడో ఎక్కం నాలుగుసార్లు తప్పు చెప్పాడు. అదీ నేను సరిచేసేదాకా ఆగి, ఆగి," అంది. "పాపం, ఎంత భయపడ్డాడో కదరా."

అవునక్కా, పాపం అన్నాను. తను పాపం అన్నప్పుడు నవ్వుతోందో లేదో ఫోన్లో కనిపించదు కదా.