దున్నకు కట్టిన చున్నీ

మా తమ్ముడి మీద నాకింకా కోపం తగ్గలేదు. జరిగినదాన్ని వాడు ఇప్పుడు చుట్టాల దగ్గర నవ్వుతూ చెబుతున్నాడు. వాళ్లూ నవ్వుతున్నారు. నాకు మాత్రం నవ్వు రావడం లేదు.

మాది పాతబస్తీలో మూడు తరాలుగా పాలు పోసే ఇల్లు. కింద తమ్ముడి కుటుంబం, వెనక గేదెల కొట్టం, పైన నేను. పత్రికలో చేరి పాల పనికి దూరమయ్యాను గానీ ఇల్లు వదల్లేదు. దీపావళి వెళ్లిన రెండో రోజు మా వాళ్లకు సదర్. దున్నలను ముస్తాబు చేసి డప్పులతో వీధుల్లో తిప్పే పండగ. ఎవరి దున్న నిగనిగలాడితే ఆ ఏడంతా వాళ్లదే మాట.

ఆ ముస్తాబు చూసి తీరాలి. దున్నకు పెరుగు పట్టించి కడుగుతారు. వెంట్రుకలు గొరిగి, ఒళ్లంతా నూనె రుద్దుతారు. కొమ్ములు నునుపు చేసి రంగు వేస్తారు. అఫ్జల్‌గంజ్ నుంచి గవ్వల పట్టీలు, జరీ గుడ్డలు వస్తాయి. పూలదండలు గుడిమల్కాపూర్‌లో ముందే చెప్పి పెడతారు. డెక్కలకు నూనె రాయడానికి కూడా ఒక మనిషి ఉంటాడు.

సరిగ్గా ఆ వారంలోనే తమ్ముడి కూతురికి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. నగరం అటు చివర ఒక పెద్ద ఆస్పత్రిలో, వచ్చినవాళ్లను పలకరించి దారి చూపే ఉద్యోగం. పార్లర్‌కు పోయి కనుబొమలు చేయించుకుని వస్తానని పిల్ల అనగానే ఇంట్లో లొల్లి మొదలైంది.

"ఎవనికి జూపియ్యనీకి? నౌకరి మొఖం జూసి ఇస్తరా, సదువు జూసి ఇస్తరా?" అన్నాడు తమ్ముడు. అప్పుడు వాడి చేతిలో ఉన్నది దున్న కొమ్ములకు వేసే రంగు డబ్బా.

"పొద్దంత అద్దం ముంగట నిలవడ్డ పిల్ల ఏం పని జేస్తది?" అని మరదలి వత్తాసు.

మొఖం చూసి ఇవ్వరన్న మాట నేను ఒప్పుకోను. నయాపూల్ దగ్గర కోర్టు వార్తల కోసం ఏళ్ల తరబడి తిరిగాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాడిని గేటు దగ్గర "ఎటు పోవాలె సార్?" అని అడిగేవారు. నలిగిన చొక్కావాడిని "ఏయ్, ఎటు?" అనేవారు. ఆ "ఏయ్" పడ్డవాడు లోపలికి వెళ్లాక తన పేరు చెప్పడానికి కూడా తడబడేవాడు. వాడి గొంతు గేటు దగ్గరే పోయేది.

మా పిల్లకు ఆ తడబాటు కాలేజీలోనే పరిచయం. తెల్లారకముందే కొట్టంలో పని ముగించి, తలస్నానం చేసి వెళ్లినా, "పేడ వాసనొస్తుందే, జర దూరం జరుగు" అని ముక్కు మూసుకున్నవాళ్లున్నారు. అందుకే ట్యూషన్లు చెప్పిన డబ్బుతో లేత నీలం డ్రెస్సు, వెండి రంగు అంచున్న చున్నీ తెచ్చుకుంది. మెట్ల మీద నాకు చూపించింది.

"ఇది ఏసుకుంటె నాకు మాట మంచిగొస్తది, పెద్దబాపూ."

ఇంటర్వ్యూ కూడా సదర్ రోజే పడింది. ఆ పొద్దున ఆమె కేక విని కిందికి పరుగెత్తాను. ఇస్త్రీ చేసి దండెం మీద పెట్టుకున్న చున్నీ కొట్టంలో ఉంది. దున్న నొసటి మీదుగా రెండు కొమ్ములకూ ముడి వేసి ఉంది. నూనె మరక అంచు దాకా పాకింది. చుట్టూ మూగిన చుట్టాలు ఫోన్లలో ఫొటోలు తీస్తున్నారు.

"బాపూ, గది నా చున్నీ!"

తమ్ముడు నిజంగానే తెల్లబోయాడు. "నీదని నాకేం ఎరుక బిడ్డా? ఈ వారంల ఇంట్లకొచ్చినయన్నీ గీనికే గదా!"

అందరూ గొల్లున నవ్వారు. "క్యా బాత్ హై భాయ్! నీ బిడ్డ కన్నా దున్నకే మస్తు కుదిరింది" అన్నాడొకడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "విప్పరా దాన్ని!" అని అరిచాను.

"నువ్వుండు పెద్దబాపూ" అని పిల్ల తండ్రి వైపు తిరిగింది. "దీన్నెందుకు గిట్ల తయారు జేసినవ్ బాపూ?"

"గదేం సవాల్? నలుగురు జూస్తరు. మన ఇజ్జత్ గాదా?"

"ఇయ్యాల నన్ను గూడ నలుగురు జూస్తరు."

పిల్ల దున్న దగ్గరికి నడిచింది. కొత్తవాళ్లను దగ్గరికి రానివ్వని దున్న, రోజూ మేత వేసే చేయి కనబడగానే తల దించింది. ఆమె ముడి విప్పి చున్నీని తండ్రి భుజం మీద వేసింది.

"నేనొచ్చేటాల్లకు ఉతికి పెట్టు."

మా ఇంట్లో ఏ ఆడపిల్లా చున్నీ లేకుండా గడప దాటలేదు. ఆమె దాటింది. వాకిట్లో పాల క్యాన్లు తగిలించిన తండ్రి బండి అద్దంలోకి వంగి, అందరి ముందూ, ఏమాత్రం తొందర లేకుండా బొట్టు సరిచేసుకుంది. తర్వాత వెళ్లిపోయింది.

ఉద్యోగం వచ్చింది. ఏమడిగారని నేనడిగితే, "ఇంటి గురించి అడిగిండ్రు. బర్రెలున్నయని చెప్పిన, కండ్లల్లకు జూసి" అంది.

ఇప్పుడు తమ్ముడు చుట్టాలకు చెప్పేది వేరు. చున్నీ దున్న కొమ్ములకు తగిలింది కాబట్టే పిల్లకు కలిసొచ్చిందట. ఎంత ఉతికినా మరక పోని ఆ చున్నీని కొట్టంలో మేకుకు తగిలించాడు. వచ్చే సదర్‌కు పనికొస్తుందట.