ఎక్సైజు తాతయ్య, బార్లీ నీళ్ళు

నా చిన్నప్పుడు మేము ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో, స్తంభాల మీద నిలబెట్టిన ఒక పాత ఇంట్లో ఉండేవాళ్ళం. పైన మేము, కింద కారూ, బట్టలుతికే మెషీనూ, మా నాన్న బీరు సామానూ. నాన్న ఆసుపత్రి ల్యాబులో పనిచేసేవారు. పక్కింటి అంకుల్, అక్కడే పుట్టి పెరిగిన ఆస్ట్రేలియా ఆయన, నాన్నకి బీరు కాయడం అలవాటు చేశారు. డబ్బాలో దొరికే పాకం కలిపి చేసేది కాదు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని పగలగొట్టి, వేడినీళ్ళలో నానబెట్టి, ఆ తీపి నీళ్ళు వడగట్టి, కాచి, చల్లార్చి, ఈస్టు వేసి చేసేది. బార్లీ నానబెట్టడానికి పిక్నిక్కులకి ఐసు వేసుకుని వెళ్ళే ఎస్కీ పెట్టె ఉండేది. దాని అడుగున ఒక జల్లెడ గొట్టం, దానికో కుళాయి.

ఇంత అవస్థ పడ్డా వాళ్ళ బీరు ఎప్పుడూ పల్చగానే వచ్చేది. అంకుల్ మంచి మనిషి కాబట్టి, మన ఎండలకి ఇదే సరైనదిలే అనేవారు. నాన్నకి మాత్రం అది మనసులో గుచ్చుకునేది.

ఒక ఏడాది వానాకాలం వెళ్ళిపోయి హాయిగా ఉన్న రోజుల్లో మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్న, కాకినాడ నుంచి వచ్చారు. తాతయ్య ఎక్సైజు శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. సర్వీసంతా నాటుసారా బట్టీల వేటలోనే గడిచింది. గాలి వాసన పీల్చి బట్టీ ఏ తోటలో ఉందో చెప్పేసేవారని అమ్మ ఎప్పుడూ గర్వంగా చెప్పుకునేది. ఆయనకి టికెట్టు కొన్నాక అదే మాట భయంగా చెప్పడం మొదలుపెట్టింది. నాన్న సామానంతా ఒక పాత దుప్పటి కింద దాచారు. కానీ అంకుల్ డెబ్బయ్యో పుట్టినరోజు దగ్గరపడుతోంది. ఆ పార్టీకి బీరు తనే చేస్తానని నాన్న ఎప్పుడో మాటిచ్చేసి ఉన్నారు.

ఒక ఆదివారం అమ్మ తాతయ్యని కాకరకాయల కోసం మార్కెట్టుకి తీసుకెళ్ళింది. మధ్యాహ్నం దాకా రారన్న ధైర్యంతో నాన్న, అంకుల్ దుప్పటి లాగేశారు. తాతయ్యకి మార్కెట్టులో జనం నచ్చక గంటకే తిరిగొచ్చేశారు. కారు దిగుతూనే ముక్కు కాస్త పైకెత్తి, మెట్లెక్కకుండా నేరుగా ఆవిరి వస్తున్న వైపు నడిచారు. అమ్మ కాకరకాయల సంచీ పట్టుకుని కారు దగ్గరే ఉండిపోయింది.

"బార్లీ నీళ్ళు, మావయ్యగారూ. కిడ్నీలకి మంచిదని," అన్నారు నాన్న.

నిజం చెప్పాలంటే అది అబద్ధమూ కాదు. ఈస్టు వేసేదాకా అవి బార్లీ నీళ్ళే. అంకుల్‌కి తెలుగు ఒక్క ముక్క రాకపోయినా గట్టిగా తలూపారు.

తాతయ్య కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారు. ఒక గ్లాసు తాగి, బాగున్నాయని ఇంకో గ్లాసు పోయించుకున్నారు. ఇవి ఎన్నాళ్ళు నిలవుంటాయని అంకుల్‌ని ఇంగ్లీషులో అడిగారు. అంకుల్ నిజాయితీగా ఆర్నెల్లు ఢోకా లేదన్నారు. నాన్నకి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది.

ఆ కంగారులో నాన్న బార్లీ మీద పోయాల్సిన రెండో విడత వేడినీళ్ళు బకెట్టుతో ఒక్కసారిగా కుమ్మరించారు. నిజానికి ఎప్పుడూ అలాగే చేసేవారు. తాతయ్య లేచి వచ్చి, కుళాయి కింద ధారని చూసి, ఎస్కీలోంచి చిటికెడు పిప్పి తీసి నోట్లో వేసుకుని నమిలారు.

"అల్లుడుగారూ, తీపంతా ఇందులోనే ఉండిపోయింది. మీరు పోసిన నీళ్ళు అంచు పట్టుకుని పక్కనుంచి జారిపోతున్నాయి. బార్లీని తడపందే తీపి ఎలా దిగుతుంది?"

ఆ తర్వాత పనంతా ఆయన చేతుల్లోకి వెళ్ళిపోయింది. కుళాయి కట్టించి, బార్లీని గరిటెతో చదును చేశారు. అమ్మని పిలిచి బూందీ గరిటె తెమ్మన్నారు. దాన్ని ఎస్కీ మీద పట్టుకుని, చెంబుతో కొద్దికొద్దిగా దాని మీద నీళ్ళు పోయించారు. నీళ్ళు జల్లులా పడ్డాయి, కింద బార్లీ కదల్లేదు. కుళాయిని దారమంత ధార వచ్చేలా మాత్రమే తిప్పారు. మొదట వచ్చిన మడ్డి నీళ్ళని మళ్ళీ పైనే పోయించారు. బార్లీ మీద ఎప్పుడూ వేలెడు నీళ్ళు నిలిచి ఉండాలన్నారు. అంకుల్ తొందరపడి కుళాయి మీద చెయ్యి వేస్తే, తాతయ్య మెల్లగా ఆ చెయ్యి తీసి పక్కన పెట్టారు. తన బూందీ గరిటె ఏ పనికి వాడుతున్నారో తెలిసిన అమ్మ ఎటు చూడాలో తెలియక నన్ను చూసింది.

నన్ను చెంచాతో కుళాయి దగ్గర కూర్చోబెట్టారు. తీపి పోయి వగరు తగిలితే చెప్పమన్నారు. నాకు తెలుగు అర్థమయ్యేది కానీ జవాబు ఇంగ్లీషులోనే వచ్చేది. చాలాసేపటికి, "ఇట్స్ లైక్ కోల్డ్ టీ, తాతయ్యా," అన్నాను. ఆయన కుళాయి కట్టేశారు.

నాన్న ఉండబట్టలేక, తీపి ఎంత దిగిందో చూసే గాజు గొట్టం బయటికి తీశారు. అది ఏమిటని తాతయ్య అడిగితే లాక్టోమీటరు అన్నారు, పాలు చూసేది. తాతయ్య దాన్ని అందుకుని, వేడి మీద తప్పు చూపిస్తుందని, కాసిని నీళ్ళు పక్కకి తీసి చల్లారేదాకా ఆగారు. తర్వాత నడుం వంచి, కంటిని సరిగ్గా నీటి అంచుకి తెచ్చి చదివారు. అంత పెద్ద అంకె నాన్న జన్మలో చూడలేదు. సంతోషించాలో భయపడాలో తెలియక అలాగే నిలబడ్డారు.

తాతయ్య చేతులు కడుక్కుని, కాసేపు నడుం వాలుస్తానని మెట్ల వైపు నడిచారు. సగం మెట్లెక్కాక ఆగారు.

"మూత మరీ బిగించకండి, బాబూ. గాలి పోవడానికి ఒక గొట్టం వదలండి. బార్లీ నీళ్ళు పేలితే కిడ్నీలకి మంచిది కాదు."

ఆయన ఏమన్నారో నేనే అంకుల్‌కి ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది. అంకుల్ ఒక బకెట్టు బోర్లించుకుని దాని మీద కూలబడి, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వారు.

పుట్టినరోజు బార్బీకి, అంటే పెరట్లో మాంసం కాల్చుకు తినే విందుకి, వచ్చినవాళ్ళందరూ ఆ బీరుని ఆకాశానికెత్తారు. తాతయ్య నిమ్మరసం తాగుతూ పక్కన కూర్చున్నారు. తెలిసి కూడా నాన్నని ఎందుకు పట్టుకోలేదని అడిగాను.

"పట్టుకోవడం నా ఉద్యోగం తల్లీ. రిటైరయ్యాను కదా," అన్నారు. గ్లాసు పక్కన పెట్టి, "పట్టుబడ్డవాళ్ళ ముఖాలు చాలా చూశాను. మీ నాన్నది అలా చూడలేను," అన్నారు.

ఇప్పుడు మేము ఆస్ట్రేలియాలోనే ఇంకో చోట, స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఉంటున్నాం. నా పిల్లలు యూనివర్సిటీకి వెళ్తున్నారు. ఎదుటివాళ్ళు దాస్తున్నది తెలిసినా నాలుక చివరిదాకా వచ్చిన ప్రశ్నని మింగి, వాళ్ళ పక్కన కూర్చోవడం ఆ రోజు నుంచే నేర్చుకుంటున్నాను. అన్నిసార్లూ చేతకాదు. మొన్న మా అబ్బాయి వంటింట్లో ఏదో మాడ్చేసి, కిటికీలన్నీ తెరిచి, "నథింగ్, అమ్మా," అన్నాడు. గిన్నెలో సోడా ఉప్పు వేసి మరిగిస్తే మాడు ఊడుతుందని చెప్పి ఇవతలికి వచ్చేశాను. రాత్రి భోజనాల దగ్గర వాడే చెప్పుకొచ్చాడు. నా పుట్టినరోజుకి పాయసం చేయబోయాడట.