మా అత్తయ్య కుట్టిన తొడుగులు

వస్తువు ఒంటి మీద బట్ట లేకుండా కనిపిస్తే మా అత్తయ్యకు మనసొప్పదు. టీవీకి తొడుగు, మిక్సీకి తొడుగు, ఇస్త్రీపెట్టెకు తొడుగు. రిమోట్‌కు తొడుగు, ఆ తొడుగు మాసిపోకుండా దాని మీద ప్లాస్టిక్ సంచి. ఆ సంచిలోంచి మీట నొక్కితే మనం అడిగిన ఛానల్ ఏనాడూ వచ్చిన పాపాన పోలేదు. ఫ్రిజ్ పిడికి కూడా పూలగుడ్డతో చిన్న చొక్కా ఉంది.

ఆవిడ వయసులో ఉన్నప్పుడు సందు మొదట్లో టైలరింగ్ షాపు నడిపింది. బడిపిల్లల యూనిఫారాలకు ఆవిడ చెయ్యే చెయ్యి అనేవారట. చూపు తగ్గి షాపు మూసేశాక, కుట్టించుకునే మనుషులు లేక వస్తువుల మీద పడింది. మా ఆయన చిన్నప్పటి సైకిల్ సీటుకు లాగు కుట్టిందట, దానికి జేబు కూడా పెట్టిందట. ఆ జేబులో ఏం పెట్టుకోవాలో పాపం సైకిల్‌కు తెలియలేదని ఆయన ఇప్పటికీ నవ్వుతాడు. నవ్వడానికేం, రైల్లో గార్డు ఉద్యోగం, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. ఇక్కడ తొడుగులు విప్పుకుంటూ కట్టుకుంటూ బతికేది నేను.

ఈ తొడుగులకు ఒకటే మినహాయింపు. గుమ్మంలో పరాయివాళ్ళ చెప్పుల చప్పుడైతే చాలు, అన్నీ గబగబా ఊడి బీరువాలోకి పోతాయి. వచ్చినవాళ్ళు వెళ్ళగానే మళ్ళీ ఎక్కుతాయి.

"ఇదేం చోద్యం అత్తయ్యా, మనకు ముసుగూ, వాళ్ళకు కొత్తదనమూనా?" అని ఒకసారి అడిగాను.

"దాచేది చూపించడానికే కదమ్మాయ్," అంది.

ఆ మాట అంటూనే టీవీకి తొడుగు ఎక్కించింది.

ఇవన్నీ భరించాను. భరించలేనిది నా ఉద్యోగం దగ్గర వచ్చింది. నాది సరుకు లారీలకు దారి చెప్పే పని. ఒక తెర మీద ఊరి పటం, ఇంకో తెర మీద ఏ లారీ ఎక్కడుందన్న వివరం, చెవిలో డ్రైవర్ల గోల. ఇదివరకు ఆఫీసుకు వెళ్ళేదాన్ని. మామయ్యకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయాక ఆయన్ని మంచం మీద నుంచి లేపాలన్నా, కుర్చీలో కూర్చోబెట్టాలన్నా ఇద్దరు మనుషులు కావాలి. అత్తయ్యకు నడుం నొప్పి. అందుకని మా సూపర్‌వైజర్ను బతిమాలి ఇంటి నుంచి పనిచేసేలా ఒప్పించుకున్నాను. ఆవిడ ఒకే మాట చెప్పింది. పని ఆగకూడదు, ఆగితే మర్నాటి నుంచి ఆఫీసులో కనపడాలి.

ఆఫీసు వాళ్ళు ల్యాప్‌టాప్‌తో పాటు డాకింగ్ స్టేషన్ అని ఒక నల్ల పెట్టె ఇచ్చారు. రెండు తెరలు, ఇంటర్నెట్ తీగ, కీబోర్డు, హెడ్‌ఫోన్, అన్నీ దాంట్లోకే పోతాయి. దాంట్లోంచి ఒక్క తీగ ల్యాప్‌టాప్‌కు వస్తుంది. అంటే ఆ పెట్టె పనిచేస్తే నా ఉద్యోగం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. దాన్ని బల్ల కింద అరలో పెట్టాను. ఇదంతా అత్తయ్యకు చెప్పడమే నేను చేసిన ఘనకార్యం.

"ఇంత చిన్న పెట్టె మీదా ఇంత భారం?" అని ఆవిడ దాన్ని జాలిగా చూసి టేపు తెచ్చి కొలిచింది. మర్నాటికి ముదురు నీలం గుడ్డతో తొడుగు సిద్ధం. ఒక్కో తీగ బయటికి రావడానికి ఒక్కో కాజా, చొక్కా గుండీలకు కుట్టినంత పొందిగ్గా. తొడుగు తియ్యకుండానే తీగలు పీకొచ్చు, పెట్టొచ్చు. నిజం చెప్పొద్దూ, నాకూ ముచ్చటేసింది. ఆ తర్వాత అది నా కంటికి ఆననే లేదు. ఈ ఇంట్లో తొడుగు లేని వస్తువు కళ్ళలో పడుతుంది గానీ, ఉన్నది పడదు.

ఒక వారం బాగానే గడిచింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం రెండు తెరలూ ఒక్కసారి రెపరెపలాడి నల్లబడ్డాయి. కీబోర్డు చచ్చింది. నెట్ పోయింది. చేతిలో మిగిలింది సెల్‌ఫోన్ ఒక్కటే. అదే మోగింది.

"అక్కా, మూడు రోడ్ల కూడలిలో ఉన్నా. ఎడమకా, కుడికా?"

"ఒక్క నిమిషం ఆగు."

"ఆగే ఉన్నానక్కా. వెనకాలవాళ్ళు హారన్ కొట్టి చంపుతున్నారు."

"అయితే తిన్నగా పో."

"తిన్నగా గోడ ఉందక్కా."

తల ప్రాణం తోకకొచ్చింది. ఆఫీసు టెక్నీషియన్‌కు ఫోన్ చేశాను. అతను ఎవరేం చెప్పినా మొదట అనే మాట ఒకటే, "ఓసారి తీసి పెట్టండి మేడం." అందుకని మా ఆఫీసులో అందరూ అతన్ని తీసిపెట్టు అనే పిలుస్తారు. తీసి పెట్టాను. తెరలు వచ్చాయి. కాఫీ తాగి వచ్చేలోగా మళ్ళీ పోయాయి.

అక్కణ్ణుంచి రోజూ ఇదే తంతు. పొద్దున బుద్ధిగా ఉంటుంది, మధ్యాహ్నమయ్యేసరికి చచ్చి ఊరుకుంటుంది. తీసిపెట్టు చెప్పినవన్నీ చేశాను. తీగ మార్చాను. ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దంటే గోడ ప్లగ్గులోనే పెట్టాను. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాను. ల్యాప్‌టాప్ ఆర్పి వెలిగించాను. పవర్ తీగ పీకి, దేవుడా అనుకుంటూ కాసేపు కూర్చుని, మళ్ళీ పెట్టాను. దేవుడు కూడా ఓసారి తీసి పెట్టమనే అన్నట్టున్నాడు. పెట్టిన కాసేపు పనిచేసేది, ఆ తర్వాత మళ్ళీ మొదటికొచ్చేది.

చివరికి తీసిపెట్టు స్వయంగా వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచాడో లేదో ఇంట్లో తొడుగులన్నీ మాయమయ్యాయి. అతను మధ్యాహ్నమంతా కూర్చున్నాడు. ఆ నల్ల పెట్టె నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు కూర్చుని చక్కగా పనిచేసింది. ఒక్క తెర రెప్ప వేస్తే ఒట్టు. అతను టీ తాగి నా వైపు జాలిగా చూశాడు.

"బాగానే ఉంది కదా మేడం."

"మీరున్నప్పుడే బాగుంటుంది."

"నేనిక్కడే ఉండిపోలేను కదా."

ఒళ్ళు మండిపోయింది. వెళ్తూ వెళ్తూ అత్తయ్యతో, "లోపలికి దుమ్ము పోయినా ఇలా అవుతుంది పెద్దమ్మా, కాస్త చూసుకోండి," అన్నాడు. ఆవిడ ఆ మాటను భద్రంగా చెవిలో వేసుకుంది. మర్నాడు మధ్యాహ్నం మామూలే. రెండోసారి వచ్చాడు, మళ్ళీ అదే నాటకం. మూడోసారి పెట్టెనే మార్చి కొత్తది పెట్టి వెళ్ళాడు. కొత్తది పాతదానికన్నా పెంకిది. భోజనాల వేళకు ముందే చచ్చి ఊరుకునేది.

ఇటు డ్రైవర్లు నాకు 'కరెంటక్క' అని పేరు పెట్టారు. అటు సూపర్‌వైజర్ ఫోన్ చేసింది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

"టెక్నీషియన్ వచ్చిన ప్రతిసారీ అన్నీ సరిగ్గానే ఉన్నాయంటున్నాడు. మీకు అక్కడ పని కుదరకపోతే చెప్పండి, సాకులొద్దు. రేపు పైవాళ్ళకు మీరు రూట్లు చూపించాలి. అందులో గనక ఆగిందా, ఎల్లుండి నుంచి ఆఫీసుకు వచ్చెయ్యండి."

సాకులట. ఫోన్ పెట్టేసి నేను అరిచిన అరుపుకు పక్కగదిలో మామయ్య ఉలిక్కిపడి దుప్పటి తన్నేశారు. ఆ దుప్పటీ అత్తయ్య కుట్టిందే. మిగిలిన యూనిఫారం గుడ్డముక్కలన్నీ అతికి, లోపల దూది పరిచిన బరువైన బొంత. ఆయన ఎడమకాలితో రోజంతా దాన్ని తన్నేస్తూనే ఉంటారు, అత్తయ్య మళ్ళీ కప్పుతూనే ఉంటుంది. "నరాలు అదురుతున్నాయమ్మాయ్, కాలు నిలవడం లేదు," అంటుంది. ఆ రోజు కూడా వెళ్ళి కప్పి, మెడ దాకా లాగి వచ్చింది.

"ఏమంటోంది మీ ఆఫీసావిడ?"

"రేపు గనక ఇది చచ్చిందా, నేను రోజూ ఆఫీసుకి పోవాలత్తయ్యా. పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం."

అత్తయ్య నేరుగా కుట్టుమిషన్ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. నేనిక్కడ చస్తుంటే ఈవిడకు కుట్టుపనేమిటా అని ఇంకా చిర్రెత్తుకొచ్చింది.

మర్నాడు మీటింగు మధ్యాహ్నం తర్వాత. పొద్దున్నే అత్తయ్య, మా ఆయన కలిసి మామయ్యను కాలూ చెయ్యీ ఆడించే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఇంట్లో నేనొక్కదాన్నే. వాళ్ళు వెళ్ళిన కాసేపటికే తెరలు రెపరెపలాడడం మొదలుపెట్టాయి. తల బల్లకేసి కొట్టుకోవాలనిపించింది. అప్పుడు తలుపు చప్పుడైంది. చూస్తే తీసిపెట్టు.

"ఇటువైపు వేరే పని మీద వచ్చా మేడం. మీకివాళ మీటింగుందని చెప్పారు."

నేను బల్ల చూపించాను. అతను కిందికి వంగాడు. చాలాసేపు పైకి లేవలేదు.

"మేడం, ఇదేంటి?"

"డాక్."

"డాక్ సరే. దాని మీద?"

"కవరు."

"ఎప్పట్నుంచి ఉంది?"

"మొదట్నుంచీ."

"నేనొచ్చినప్పుడు లేదే."

"మీరొస్తే తీసేస్తాం."

"ఎందుకు?"

"మీరు చూస్తారని."

అతను అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. నా మాట నా చెవిన పడింది. ఇంత మాట ఇంత మామూలుగా ఎలా అన్నానో నాకే అర్థం కాలేదు.

"చెయ్యి పెట్టి చూడండి," అన్నాడు.

తొడుగు కిందికి చెయ్యి పోనిచ్చి చటుక్కున లాక్కున్నాను. పొయ్యి మీంచి అప్పుడే దించిన గిన్నెలా ఉంది. తొడుగేమో అరచెయ్యి మందాన ఉంది. నీలం గుడ్డ కింద ఒక పొర, దాని కింద దూది, దాని కింద మరిన్ని పొరలు.

"పక్కల ఈ కన్నాలున్నాయి చూశారా, దీనికివే ముక్కులు. ఇవి మూస్తే వేడెక్కుతుంది, కాలిపోకుండా తనంతట తానే ఆగిపోతుంది. ఇన్నిసార్లొచ్చాను, ఒక్కసారైనా ఈ కవరు సంగతి చెప్పలేదేంటి మేడం?"

"ఇంకేమైనా మార్చారా అని మీరడిగారు. మేం ఏమీ మార్చలేదు," అన్నాను. అది నిజమే.

తొడుగు తీసేసి పెట్టెను బల్ల మీద గాలి తగిలేచోట పెట్టాడు. తెరలు కుదురుగా వెలిగాయి. నాకు సంతోషం కలగలేదు, కోపం వచ్చింది. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే. ఇన్నాళ్ళూ నేను పడ్డ తిట్లు, సాకులన్న మాట, కరెంటక్క అన్న పేరు, అన్నీ వరసగా గుర్తుకొచ్చాయి. అత్తయ్య రాగానే ఏమనాలో మనసులో కూర్చుకున్నాను. టీవీ చొక్కా దగ్గర మొదలుపెట్టి ఫ్రిజ్ పిడి దాకా ఒక్కటీ వదలదల్చుకోలేదు.

వాళ్ళు వచ్చేసరికి తీసిపెట్టు ఇంకా ఉన్నాడు. మామయ్యను మా ఆయన చేతుల్లో వదిలి అత్తయ్య లోపలికొచ్చింది. పరాయిమనిషి కనపడగానే, భుజాన సంచి దించకుండానే టీవీ తొడుగు లాగెయ్యబోయింది.

"అది ఉండనివ్వండి పెద్దమ్మా," అన్నాడు తీసిపెట్టు, నీలం తొడుగు ఆవిడ చేతిలో పెడుతూ. "దీంతో పెట్టెకు ఊపిరాడక ఆగిపోతోంది. ఇంత మందాన కుట్టారేంటి?"

అత్తయ్య తొడుగును అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"లోపలికి దుమ్ము పోతుందని నువ్వే అన్నావు కద బాబూ. అది ఆగినప్పుడల్లా ఒక పొర వేసుకుంటూ వచ్చాను. నిన్న దూది పెట్టాను."

"ఎందుకత్తయ్యా?" అన్నాను. కూర్చుకున్న ప్రసంగంలో నోటిదాకా వచ్చింది ఆ ఒక్క మాటే.

"అది పాడైతే నువ్వు పొద్దున పోయి చీకటి పడ్డాక వస్తావు. మీ మామయ్యను నేనొక్కదాన్నీ లేపలేను. ఎవరితో చెప్పుకోను? నాకు చేతనైంది కుట్టడమే." తొడుగు మడిచి చంకలో పెట్టుకుంది. "నేనే దాని పీక నొక్కానన్నమాట."

నేను ఆవిడ భుజాన ఉన్న సంచి అందుకుని దించాను. తీసిపెట్టు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం మీటింగు జరిగింది. పైవాళ్ళు అడిగిన ప్రతి లారీనీ చూపించాను, ప్రతి మలుపూ చెప్పాను. తెర ఒక్కసారి కూడా అదరలేదు.  ముగిశాక సూపర్‌వైజర్ ఒక్కటే అంది, "బాగానే ఉంది. ఇంటి నుంచే కానివ్వండి."

ఆ మాట అత్తయ్యకు చెబుదామని లేచాను. హాల్లో టీవీకి తొడుగు లేదు. మిక్సీకి లేదు. రిమోట్ ప్లాస్టిక్ సంచిలోంచి బయటికొచ్చి బల్ల మీద పడి ఉంది. ఏ చుట్టమొచ్చాడా అని చూస్తే ఎవరూ లేరు. మామయ్య గది గుమ్మం దగ్గర ఆగాను. ఆయన అప్పుడే దుప్పటి తన్నేసినట్టున్నారు. అత్తయ్య దాన్ని నేల మీంచి తీసి కప్పబోయి, అలాగే పట్టుకుని నిలబడింది. ఇంకో చేత్తో ఆయన మెడ కింద తడిమి చూసింది. చెయ్యి తడిసినట్టుంది, కొంగుకు తుడుచుకుంది.

"ఏమండీ, ఇది మీకు గాని ఉక్కగా ఉంటోందా?"

జబ్బు చేసిన తర్వాత మామయ్యకు మాట రావడానికి చాలాసేపు పడుతుంది. ఇద్దరం ఎదురుచూశాం.

"ఎప్పట్నుంచో," అన్నారు.

అత్తయ్య మంచం అంచున కూర్చుండిపోయింది. దుప్పటి ఒళ్ళోనే ఉంది.

"మరి చెప్పరేమండీ?"

మామయ్య ఇంకో మాట కోసం తంటాలు పడలేదు. ఎడమకాలు పైకెత్తి, లేని దుప్పటిని గాల్లోకి ఒక్క తన్ను తన్నారు.