పూజగదిలో పడవ బ్యాటరీ

మార్గశిరం వచ్చిందంటే మా జలాశయం మీద మంచు కమ్మేస్తుంది. పొద్దున్న పది దాటితే గాని ఎదుటి గట్టు కనబడదు. అందుకని పడవని ఒడ్డుకు లాగేసి, మళ్లీ శివరాత్రికి నీళ్లలో దింపుతాం. ఆ రోజు అవతలి గట్టున ఉన్న శివాలయానికి వెళ్లే జనంతో మొదటి ట్రిప్పు. వరసగా రెండేళ్లు ఆ జనం ముందే ఇంజను స్టార్టు కాలేదు. రెండుసార్లూ బ్యాటరీ చచ్చిపోయింది.

"మూడోసారి కూడా ఇలాగే అయితే పడవ అమ్మేస్తాను" అన్నారు మా ఆయన.

పడవ పోతే ఊరు దాటడానికి నాకు దిక్కు జీపే. ఘాట్‌రోడ్డులో నలభై రెండు మలుపులు. మూడో మలుపుకే నాకు వాంతులు.

బ్యాటరీ ఎందుకు చస్తోందో నాకు తెలుసు. చలికాలమంతా దానికి విశ్రాంతి లేదు. కరెంటు పోతే మా టీవీకీ, లైటుకీ, సగం వీధి సెల్‌ఫోన్లకీ అదే ఆధారం. అలా పూర్తిగా పిండేసి వదిలేస్తే ఏ బ్యాటరీ కోలుకుంటుంది?

మూడో ఏడు పడవ గట్టెక్కిన రోజునే దాన్ని ఇంటికి తెప్పించాను. డిస్టిల్డ్ వాటర్ గీత దాకా పోయించి, నిండా ఛార్జింగ్ పెట్టించి, టెర్మినళ్లకు వేజ్‌లైన్ రాశాను. పూజగదిలో, దీపానికి దూరంగా, చెక్కపీట మీద పెట్టించాను. స్నానం చెయ్యనివాళ్లు ఆ గడప దాటకూడదు. కరెంటు పోయేదేమో రాత్రిళ్లు. మా ఊరి చలిలో పొద్దుగూకాక స్నానం చేసే మగాడు ఇంకా పుట్టలేదు.

పడవ నడిపే మా మరిది గుమ్మంలోంచి తొంగి చూశాడు.

"ఏటి వదినా, దీనికి నైవేద్యం కూడా పెడతావేటి?"

"పెడతాను. నెలకోసారి. కరెంటు."

అన్నట్టే ప్రతి నెలా మొదటి ఆదివారం వరండాలోకి మోయించి ఛార్జింగ్ పెట్టించాను. ఛార్జింగప్పుడు బ్యాటరీ గ్యాసు వదులుతుంది, దీపం వెలిగే గదిలో ఆ పని కూడదు. మీటరు పన్నెండున్నర వోల్టులు దాటి చూపిస్తేనే మళ్లీ లోపలికి.

పుష్యమాసంలో ఒక రాత్రి క్రికెట్ మ్యాచ్ మంచి పట్టులో ఉండగా కరెంటు పోయింది. మా ఆయన పూజగది వైపు చూశారు.

"ఒక్క గంట. ఆఖరి పది ఓవర్లే."

"స్నానం చేసి తీసుకోండి."

"వేణ్ణీళ్లు పెట్టు మరి."

"నీళ్లు కాగేసరికి మ్యాచ్ అయిపోద్ది అన్నయ్యా" అన్నాడు మరిది. "బేగి ఎల్లు. సన్నీళ్లే కదా, సంపేత్తాయా?"

మా ఆయన నిజంగానే తువ్వాలు చుట్టుకుని పెరట్లోకి వెళ్లారు. ఒక చెంబు గుమ్మరించుకున్న చప్పుడు, వెంటనే కేక. రెండో చెంబు చప్పుడు వినబడలేదు. దుప్పటి కప్పుకుని కుంపటి దగ్గర చేరి, పళ్లు టకటకలాడుతుండగా, "ఎలాగూ ఓడిపోయే మ్యాచే" అన్నారు.

శివరాత్రి పొద్దున్న రేవంతా జనం. "తెడ్లు తెచ్చుకున్నారా?" అని ఎవరో వెనకనుంచి అరిస్తే అందరూ నవ్వారు. మరిది వైర్లు బిగించి నావైపు చూశాడు. నేను తలాడించాను. స్విచ్ నొక్కాడు.

ఒక్క నొక్కుకే ఇంజను అందుకుంది. ఆ చప్పుడుకి గట్టు మీది కొంగలన్నీ లేచిపోయాయి. నవ్వినవాళ్లే ముందుగా చోటు కోసం తోసుకున్నారు.

"పడవ అమ్మేస్తున్నారటగా?" అని వాళ్లలో ఒకాయన అడిగాడు.

"ఎవడన్నాడు?" అని గయ్యిమన్నారు మా ఆయన.

నేను అప్పటికే ముందు బల్ల ఎక్కి కూర్చున్నాను. ఉపవాసం ఉన్నా నా గొంతు రేవంతా వినబడింది.

"ఇంకా ఏం చూస్తావయ్యా? పోనియ్యి!"